రిజాల్‌ను బిట్ పేపర్‌కు కుదించొద్దు

రెండు నవలలను విద్యార్థుల చేత చదివించడానికి ఫిలిప్పీన్స్ ఏకంగా ఒక చట్టమే చేసుకుంది. 1956 జూన్ 12న అధ్యక్షుడు రామోన్ మగ్సాయ్‌సాయ్ సంతకం పెట్టిన 1425వ నంబరు చట్టం అది. ప్రభుత్వ, ప్రైవేటు తేడా లేకుండా బడులు, కాలేజీలు అన్నీ స్పెయిన్ వలస పాలనను, మతగురువుల పెత్తనాన్ని ఎండగట్టిన రచయిత హోసే రిజాల్ జీవితాన్ని, రచనలను పాఠంగా చెప్పాలి. ముఖ్యంగా ‘నోలి మే తాంగెరే’, ‘ఎల్ ఫిలిబస్టెరిస్మో’ నవలలను చదివించాలి. కాలేజీల్లో అయితే కోతలు లేని ప్రతులనే వాడాలి. సెనేటర్ క్లారో రెక్టో రూపొందించిన ఈ బిల్లుపై అప్పట్లో క్యాథలిక్ చర్చి మండిపడింది. నవలలు మతాన్ని కించపరుస్తున్నాయని వాదించింది. బిల్లు నెగ్గితే క్యాథలిక్ బడులు మూతపడతాయన్న హెచ్చరికలూ వినిపించాయి. చివరికి రాజీ కుదిరింది. మతవిశ్వాసం ఒప్పుకోదని ప్రమాణపూర్వకంగా రాసిస్తే కోతలు లేని ప్రతి చదవనక్కర్లేదు, కోర్సు మాత్రం తప్పదు.

ఆ చట్టం అప్పుడూ సరైనదే, ఇప్పుడూ అవసరమైనదే అని మేం భావిస్తున్నాం. ఇందులో తెలుగువారికీ కొంత ప్రమేయం ఉంది. మనీలా, దవావో నగరాలకు వైద్యవిద్య కోసం వెళ్లే మన పిల్లలు ముందుగా బీఎస్ (సైన్స్ డిగ్రీ) పూర్తి చేయాలి. అక్కడ డిగ్రీ చదివేవాళ్లకు రిజాల్ పాఠం ఎదురవుతుంది. డాక్టర్ కావడానికి వెళ్లినవాడికి ఈ చరిత్ర ఎందుకని ఇక్కడి తల్లిదండ్రులు విసుక్కుంటే అర్థం చేసుకోవచ్చు. కానీ ఆ రిజాల్ కూడా డాక్టరే. తల్లికి చూపు మందగిస్తోందని కంటివైద్యం వైపు మళ్లి, పారిస్‌లో, హైడెల్‌బర్గ్‌లో పేరున్న నిపుణుల దగ్గర నేర్చుకుని, ఆ తర్వాత తల్లి కంటికి తానే ఆపరేషన్ చేసిన మనిషి.

రిజాల్ 1861లో లగూనా ప్రాంతంలోని కలంబలో పుట్టారు. బాగా బతికిన కుటుంబమే, అయినా సాగు చేసింది డొమినికన్ మతసంస్థ భూమిని. అంటే కౌలు రైతులు. ఆయనకు పదేళ్లు దాటేసరికి తల్లి తియొడోరాను హత్యాయత్నం ఆరోపణపై అరెస్టు చేసి, జైలు దాకా నడిపించుకుపోయారు. రెండేళ్లకు పైగా లోపలే ఉంచారు. 1872 ఫిబ్రవరి 17న మనీలాలో బుర్గోస్, గోమెజ్, జమోరా అనే ముగ్గురు మతగురువులకు తిరుగుబాటు నేరం అంటగట్టి, మెడకు ఇనుప పట్టీ బిగించి చంపారు. రెండో నవలను రిజాల్ ఆ ముగ్గురికే అంకితమిచ్చారు. 1888లో కలంబ కౌలు రైతులు తమ గోడును కాగితం మీద పెట్టి ప్రభుత్వానికి ఇవ్వడంలో ఆయనే ముందున్నారు. ఫలితంగా ఆయన కుటుంబం సహా రైతులు ఇళ్లు, పొలాలు వదిలి పోవలసి వచ్చింది. అన్న పాసియానోను వేరే దీవికి పంపేశారు. నవలల్లోని కోపం ఎక్కడిదో తెలియాలంటే ఈ కౌలు గొడవ తెలియాలి. దురదృష్టం ఏమిటంటే, వీరగాథగా చెప్పే పాఠాల్లో ముందుగా ఎగిరిపోయేది ఇలాంటి భూమి లెక్కలే.

కోపాన్ని ఆయన ఏం చేశారన్నది ఇంకా ఆసక్తికరం. 1888లో లండన్ వెళ్లి, బ్రిటిష్ మ్యూజియంలో కూర్చుని, 1609లో అచ్చయిన ఒక పాత స్పానిష్ చరిత్ర గ్రంథాన్ని చేత్తో కాపీ చేసుకున్నారు. అది ఫిలిప్పీన్స్‌లో అధికారిగా పనిచేసిన ఆంటోనియో దె మోర్గా రాసిన పుస్తకం. స్పెయిన్ రాకముందు తమ దీవుల్లో నాగరికతే లేదన్న ప్రచారాన్ని ఖండించడానికి, శత్రువు రాతల్లోంచే ఆధారాలు ఏరి, వివరణలు జోడించి పారిస్‌లో అచ్చు వేయించారు. ఆ పుస్తకానికి ముందుమాట రాసిన ఆప్తమిత్రుడు బ్లూమెంట్రిట్ కూడా, పాతకాలాన్ని ఇప్పటి కొలతలతో తూచడం పొరపాటని అందులోనే చెప్పారు. ఆ విమర్శలో నిజం ఉంది. పూర్వ వైభవాన్ని రిజాల్ కాస్త ఎక్కువే చేసి చూపారు. అయితే, సొంత పుస్తకంలో తనపై విమర్శకు చోటివ్వడం ఎలాంటిదో ఈ తరం పిల్లలు తప్పక చూడాలి.

1892 నుంచి నాలుగేళ్లు మిందనావోలోని దపితాన్‌లో ప్రవాస శిక్ష. అక్కడ ఆసుపత్రి నడిపారు, ఊరికి నీళ్లు తెచ్చే ఏర్పాటు చేశారు, పిల్లలకు బడి పెట్టారు, రైతులతో సహకార సంఘం కట్టించారు. లాటరీ గెలిచి ఆ డబ్బుతో భూమి కొన్న సంగతీ ఉంది. మహాపురుషుల జీవితాల్లో ఇలాంటివి ఉండకూడదనుకునేవాళ్లు దీన్ని దాటేస్తారు. మాకైతే ఈ భాగమే నచ్చింది.

అసలు చిక్కు 1896 దగ్గర వస్తుంది. ఆండ్రెస్ బొనిఫాసియో నాయకత్వంలోని కటిపునన్ రహస్య సంస్థ సాయుధ తిరుగుబాటుకు సిద్ధమై, దపితాన్‌కు మనిషిని పంపి రిజాల్ సలహా అడిగింది. సన్నద్ధత లేకుండా దిగితే జనం నష్టపోతారని ఆయన ఒప్పుకోలేదు. అప్పటికే ఆయన బొమ్మ వాళ్ల సమావేశాల్లో వేలాడుతోంది, ఆయన పేరు వాళ్ల సంకేతపదం. ఆగస్టులో తిరుగుబాటు మొదలైంది. దానికి ప్రేరకుడన్న ఆరోపణపై రిజాల్‌నూ జైల్లో పెట్టారు. డిసెంబర్ 15న జైలు నుంచి ఆయన దాన్ని ఖండిస్తూ ప్రకటన రాశారు. ముందు ప్రజలకు చదువు కావాలి, స్వేచ్ఛ దాని వెంట రావాలన్నది అందులోని సారాంశం. స్పానిష్ అధికారులు దాన్ని బయటపెట్టనే లేదు. స్వాతంత్ర్యం వద్దని రిజాల్ అందులో ఎక్కడా అనలేదు, ఇప్పుడు వద్దని మాత్రమే అన్నారు మరి. డిసెంబర్ 30న బగుంబయన్ మైదానంలో 35 ఏళ్ల వయసులో ఆయన్ను కాల్చి చంపారు. చనిపోయే ముందు చర్చికి వ్యతిరేకంగా రాసినవన్నీ వెనక్కి తీసుకున్నారని చెప్పే పత్రం ఒకటి 1935లో బయటపడింది. అది అసలుదా, నకిలీదా అన్న వాదన ఇప్పటికీ తెగలేదు.

విప్లవాన్ని ఖండించిన వ్యక్తి విప్లవం చేసుకున్న దేశానికి ప్రథమ వీరుడెలా అవుతారని చరిత్రకారుడు రెనాటో కాన్‌స్టాంటినో నిలదీశారు. స్పెయిన్ తర్వాత దేశాన్ని ఏలిన అమెరికన్లకు బొనిఫాసియో కంటే రిజాల్ అనుకూలం కాబట్టే ఆయన్ను నెత్తిన పెట్టుకున్నారన్నది ఆయన వాదన. అందులో కొంత నిజం ఉన్నా, మొత్తం నిజం లేదు. అమెరికన్లు పట్టు బిగించకముందే, 1898లోనే, విప్లవ నేత అగినాల్డో ప్రభుత్వం డిసెంబర్ 30ని సంతాప దినంగా ప్రకటించింది. ఇంకో సంగతి, రిజాల్ జాతీయ వీరుడని అధికారికంగా ప్రకటించే చట్టం ఆ దేశంలో ఈనాటికీ లేదు.

ఇంత చర్చకు తావున్న జీవితాన్ని తేదీలకు, ప్రేమించిన అమ్మాయిల జాబితాకు, తెలిసిన భాషల లెక్కకు కుదించి, గైడు చూసి బట్టీ పట్టించడంపైనే మా అభ్యంతరం. దీన్ని రిజాల్ ముందే ఎగతాళి చేశారు. రెండో నవలలో ఒక భౌతికశాస్త్ర తరగతి ఉంది. పరికరాలు అద్దాల బీరువాల్లో సందర్శకుల కోసం మెరుస్తుంటాయి, విద్యార్థులు వాటిని తాకేది లేదు. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పాలి, తడబడితే మాస్టారి వెటకారం. ప్లాసిదో అనే కుర్రాడు ఓపిక నశించి ఎదురు మాట్లాడి బయటికి వెళ్లిపోతాడు. ఆ అధ్యాయాన్నీ బిట్లుగా మార్చి చదివించే కాలేజీ ఉంటే, ఆ తరగతి ఇంకా ముగియలేదన్నమాటే.

1956 చట్టంలో జనం పెద్దగా పట్టించుకోని సెక్షన్ ఒకటుంది. నవలలను దేశంలోని ముఖ్య భాషల్లోకి అనువదించి, చౌక ప్రతులు వేసి, పల్లెల్లో ఉచితంగా పంచాలని దాని ఆదేశం. అందుకు 3 లక్షల పెసోలు కేటాయించారు. అయినా చట్టాన్ని సరిగా అమలు చేయండంటూ 1994లో అధ్యక్షుడు ఫిడెల్ రామోస్ మళ్లీ ఉత్తర్వు ఇవ్వాల్సి వచ్చింది. కోర్సు ఉండాలా, తీసేయాలా అన్న చర్చ కంటే ఆ సెక్షన్‌పై దృష్టి పెట్టడం మేలు. మరణానికి ముందు రాసిన వీడ్కోలు కవిత పక్కనే డిసెంబర్ 15 ప్రకటనను కూడా పాఠ్యపుస్తకంలో అచ్చు వేయాలి. జన్మతేదీకి ఇచ్చే మార్కులు తగ్గించి, 1896 ఆగస్టు నాటికి రిజాల్ వాదన సరైనదా, బొనిఫాసియో వాదన సరైనదా అన్న ప్రశ్నకు ఎక్కువ మార్కులు కేటాయించాలి. ఆధారాలు చూపినంతవరకు ఏ వైపు రాసినా మార్కులు వేయాలి.