సెల్లార్ ఊటకు దారేది?

హైదరాబాద్‌లో వాన పడితే చాలా అపార్ట్‌మెంట్ల ముందు ఒకటే దృశ్యం. సెల్లార్‌లోంచి వచ్చిన పైపు గేటు దాటి రోడ్డు మీద నీళ్లు కక్కుతుంటుంది. లోపల మోటారు రాత్రింబవళ్లు తిరుగుతుంటుంది. వానాకాలంలో కరెంటు బిల్లు కట్టి మరీ పారబోసిన నీటినే ఏప్రిల్ వచ్చేసరికి ట్యాంకర్లలో కొనుక్కుంటాం.

నగరం కింద ఉన్నది గ్రానైటు. పైన మొరం, కింద గట్టి రాయి. ఇంకిన వాన మొరంలోంచి దిగి, రాతి మీదుగా పక్కకు పారుతుంది, పగుళ్లలో చేరుతుంది. ఆ రాతిని మూడు నాలుగు అంతస్తుల లోతుకు తొలిచామంటే, కాగితం మీద పార్కింగ్ అని రాసుకున్నా తవ్వింది బావినే. చెరువు శిఖంలో, అంటే చెరువు నీరు నిలిచే నేలలో కట్టినవాటి సంగతి చెప్పనే అక్కర్లేదు.

మీటరు ఎత్తు నీరు చదరపు మీటరుకు టన్ను చొప్పున నెడుతుంది. సెల్లార్ గచ్చు కంటే 3 మీటర్లు పైదాకా చుట్టూ నేలలో నీరు నిలిస్తే, అడుగు నుంచి ప్రతి చదరపు మీటరును 3 టన్నుల బలం పైకి ఎత్తుతుంది. కాంక్రీటు బరువుతోనే దాన్ని ఆపాలంటే మీటరుకు పైగా మందం కావాలి. పైఅంతస్తుల బరువు పడకముందే తోడటం ఆపితే పునాది పడవలా లేస్తుంది. ఇంత ఒత్తిడి బయటి నుంచి పడుతుంటే లోపలి గోడకు పూసిన వాటర్‌ప్రూఫింగ్ ఎన్నాళ్లని ఆగుతుంది? పెచ్చులూడుతుంది. పూత గోడకు బయటి వైపు పడాలి. దాని వెంట కంకర, కంకరలో చిల్లుల పైపు, మట్టి చేరకుండా వడపోత గుడ్డ, చివర ఆ ఊట చేరే సంపు ఉండాలి. గొయ్యి పూడ్చాక ఇవేవీ కుదరవు, ఎంత పోసినా అతుకులే.

సంపుకు రెండు మోటార్లుండాలి, ఒకటి జనరేటర్ మీద. ఆ జనరేటర్‌నూ ప్యానెల్ బోర్డునూ తీసుకెళ్లి సెల్లార్‌లోనే పెట్టే తెలివి ఎవరిదో! 2020 అక్టోబరు వానలకు సెల్లార్లు మునిగి కార్లతోపాటు కరెంటూ పోయింది. 2024 జులై 27న ఢిల్లీలోని ఓల్డ్ రాజేందర్ నగర్‌లో రోడ్డు నీరు బేస్‌మెంట్‌లోకి దూకి సివిల్స్‌కు చదువుతున్న ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. సామాన్లు పెట్టుకోవడానికి అనుమతి తీసుకున్న చోట లైబ్రరీ నడిపారు.

నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం బోరు వేయడానికి అనుమతి అడుగుతుంది. రోజంతా తోడే సెల్లార్ మోటారు లెక్క ఎవరు చూస్తున్నారు? ఎన్ని కార్లు పడతాయని చూసే అధికారులు, వానాకాలంలో అక్కడ నీరు ఎంత లోతున ఉంటుందో, తోడింది ఎటు పోతుందో కూడా ప్లానులోనే రాయించాలి. రాసినట్టు కట్టారని చూశాకే నివాస యోగ్యతా పత్రం ఇవ్వాలి.

ఇప్పటికే కట్టేసిన భవనాలు ఊటనీటిని ట్యాంకులో పట్టి ఫ్లష్‌లకు, మొక్కలకు, కార్లు కడగడానికి వాడుకోవచ్చు. మిగిలింది ఇంకుడు గుంతకు పంపొచ్చు. కాకపోతే ఆ గుంతను సెల్లార్ గోడ పక్కనే తవ్వుతున్నారు. పోసిన నీరే మళ్లీ సంపులోకి వస్తోంది. చిన్న స్థలాల్లో దూరంగా తవ్వే చోటే ఉండదు కాబట్టి, కాలనీకొక ఉమ్మడి ఇంకుడు బావి తవ్వే పని మున్సిపాలిటీయే తీసుకోవాలి. అది చేశాక కూడా ఊటను రోడ్డు మీదికే వదిలేవాళ్ల పైపుకు మీటరు బిగించి బిల్లు వేసినా మాకు అభ్యంతరం లేదు.