నేరుగా టేపుకే!

ఈ మధ్య కొందరు కుర్ర ఇంజనీర్లు ఒక ప్రమాదకరమైన వాదం లేవదీస్తున్నారు. బ్యాకప్ తీసేటప్పుడు ఆఫీసు ఫైల్ షేర్‌ని, అంటే అందరూ ఫైళ్లు దాచుకునే ఉమ్మడి చోటుని, నెట్‌వర్క్ మీదుగా లాగి నేరుగా మాగ్నెటిక్ టేపు మీదికి రాయకూడదట. ముందు ఒక డిస్కు మీదికి దించుకుని, అక్కణ్ణుంచి టేపుకి ఎక్కించాలట. నేరుగా వెళ్లే బండి ఎదురుగా ఉండగా మధ్యలో దిగి ఇంకో బండి పట్టుకోమన్నట్టుంది. ఈ దుబారాను ఖండించడం నా బాధ్యత.

ముందు లెక్కలు చూద్దాం. షేర్ 100 టెరాబైట్లు అనుకోండి. ఎల్‌టీఓ-9 టేపు, అంటే ఎల్‌టీఓ రకం బ్యాకప్ టేపుల్లో తొమ్మిదో తరం, ఒక్కోదాంట్లో 18 టెరాబైట్లు పడతాయి, ఆరు టేపులు చాలు. ప్రచారంలో 45 అని ఘనంగా చెప్తారు. డేటా రెండున్నర రెట్లు కుదించుకుపోతుందన్న ఆశ మీద వేసిన లెక్క అది. మన షేర్ నిండా ఉన్నవేమో ఫొటోలు, వీడియోలు, జిప్ ఫైళ్లు. పిండి ఆరేసిన బట్టను మళ్లీ పిండితే ఏం వస్తుంది? కాబట్టి ఆరే.

ఇక వేగం. టేపు మీద రాసే యంత్రమే డ్రైవ్; పెద్ద సైజు ఎల్‌టీఓ-9 డ్రైవ్ సెకనుకు 400 మెగాబైట్లు రాయగలదు. మన గిగాబిట్ నెట్‌వర్క్ ఎంత బతిమాలినా సెకనుకు 110 దగ్గర ఆయాసపడుతుంది. ఆ లెక్కన 100 టెరాబైట్లకు పదిన్నర రోజులు. శుక్రవారం సాయంత్రం మొదలుపెడితే, మొదటి మంగళవారం పోయి రెండో మంగళవారం పొద్దున్నకి అవుతుంది. ఈలోగా ఇంకో శుక్రవారం వస్తుంది, మొత్తం షేర్‌ని మళ్లీ మొదటినుంచి రాసే ఇంకో ఫుల్ బ్యాకప్ వచ్చి క్యూలో నిలబడుతుంది. నిరంతర బ్యాకప్ అని పెద్ద కంపెనీలు గొప్పగా చెప్పుకునేది దీన్నేనని నా అవగాహన. మనకది అదనపు ఖర్చు లేకుండా వచ్చింది.

టేపు నెమ్మది అని లోకంలో ఒక అపప్రథ ఉంది. నిజానికి దానికి ఓపిక లేదు, అంతే. డేటా ధారగా వస్తున్నంతసేపూ దూసుకుపోతుంది. ధార సన్నబడితే కొంతవరకూ తన వేగం తగ్గించుకుని సర్దుకుంటుంది. దానికీ ఒక హద్దుంది. అంతకన్నా సన్నబడిందా, రాయాల్సిన డేటా కాసేపు ఆగే బఫర్ ఖాళీ అవుతుంది, రాయడానికి ఏమీ ఉండదు. పరుగు మీదున్న టేపు ఉన్నచోట ఠక్కున ఆగలేదు గదా! కొంచెం ముందుకు జారి ఆగి, వెనక్కి చుట్టుకుని, వదిలేసిన చోటు వెతుక్కుని మళ్లీ పరుగందుకుంటుంది. అంతలో మళ్లీ ఖాళీ. బూటు మీద పాలిష్ గుడ్డ ఆడినట్టు ముందుకీ వెనక్కీ ఆడుతుంది కాబట్టి దీనికి షూ షైనింగ్ అని పేరు. టేపూ అరుగుతుంది, దాని మీద రాసే హెడ్డూ అరుగుతుంది. సర్వర్ గదిలో ఆ చప్పుడు విని మా పెద్దసారు "చూశారా, ఎంత కష్టపడుతోందో!" అని మెచ్చుకున్నారు. నేనూ తలూపాను.

పైగా ఆ 110 కూడా పెద్ద ఫైళ్లకే. చిన్న ఫైళ్ల సంగతి వేరు. నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచుకునే ఎస్‌ఎంబీ పద్ధతిలో ఒక్కో ఫైలుకీ తలుపు తట్టాలి, పేరడగాలి, ఎవరెవరికి అనుమతులున్నాయో రాసుకోవాలి, తెరవాలి, చదవాలి, మూయాలి. ఈ మర్యాదలకే ఫైలుకు 5 మిల్లీసెకన్లు వేసుకోండి. కోటి ఫైళ్లకు 50,000 సెకన్లు, అంటే పద్నాలుగు గంటలు. ఒక్క బైటు కూడా కదలకుండానే! పోనీ, రోజూ మారినవే తీద్దామంటారా? ఏవి మారాయో తెలియాలంటే మామూలుగా మళ్లీ కోటి గడపలూ ఎక్కి దిగాల్సిందే.

ఎవరో ఎక్సెల్ ఫైలు తెరిచి అలాగే వదిలేసి ఇంటికెళ్లి ఉంటారు. అది తాళం వేసి ఉంటుంది కాబట్టి బ్యాకప్ దాన్ని దాటేసి వెళ్లిపోతుంది. షేర్ ఆ క్షణంలో ఎలా ఉందో అలాగే పట్టి ఉంచే స్నాప్‌షాట్ తీసి అందులోంచి చదివితే ఈ బాధ ఉండదని మా కుర్రాడు అన్నాడు. అయినా రిపోర్టులో "హెచ్చరికలతో పూర్తయింది" అని వస్తూనే ఉంది గదా. పూర్తయింది అన్న మాట ఉన్నాక హెచ్చరికల గురించి టెన్షన్ దేనికి?

ఇదే కుర్రాడు డిస్కు పాట ఎత్తుకున్నాడు. మధ్యలో వేగమైన డిస్కు పెడితే నెట్‌వర్క్ ఎంత నత్తనడక నడిచినా టేపుకి నష్టం లేదట. డిస్కు నిండాక ధార తెగకుండా పోస్తే ఒక టేపు పన్నెండున్నర గంటల్లో నిండుతుందట. రెండోసారి నుంచి మారిన ఫైళ్లే డిస్కుకి తెచ్చి, పాతవాటితో కలిపి అక్కడే కొత్త ఫుల్ తయారు చేయొచ్చట. అంతా విని ఒకటే అడిగాను: అన్నీ అంత తొందరగా అయిపోతే మిగతా రోజుల్లో టేపు డ్రైవ్ ఏం చేయాలి? జవాబు లేదు.

టేపు గొప్పతనానికి సాక్ష్యం కావాలంటే నా దగ్గరుంది. 2011 ఫిబ్రవరిలో సాఫ్ట్‌వేర్ లోపం వల్ల కొందరి జీమెయిల్ ఖాతాలు ఖాళీగా కనిపిస్తే, గూగుల్ వాళ్లు ఆ మెయిళ్లను టేపుల్లోంచి తెచ్చిపెట్టారు. అల్మారాలో ఉన్న టేపుని లోపాలూ ముట్టుకోలేవు, ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే రాన్సమ్‌వేరూ ముట్టుకోలేదు. ఇది చూపించే మా టేపుల బడ్జెట్ పాస్ చేయించుకున్నాను. ఆ కథలో టేపులు ఉండటమనే భాగం మాకు బాగా నచ్చింది. తిరిగి చదవడమనే భాగం మీద ఇంకా కమిటీ వేయలేదు.

టేపు ముప్పై ఏళ్లు నిలుస్తుందంటారు, నమ్ముతాను. ఎల్‌టీఓ-9 డ్రైవ్ మాత్రం తన తరం టేపుల్నీ, దాని ముందరి తరం టేపుల్నీ తప్ప చదవదు. అల్మారా కింది అరలో ఉన్న ఎల్‌టీఓ-5 టేపులు ఎంతో భద్రంగా ఉన్నాయి, ఎవరూ చదవలేనంత భద్రంగా.

మొన్న ఆ కుర్రాడే వచ్చి, టేపులోంచి ఒక్క ఫైలు వెనక్కి తెచ్చి, అదే రీస్టోర్ చేసి, చూద్దాం సార్ అన్నాడు. నేనేం మూర్ఖుణ్ణి కాను, సరేనన్నాను. ఇద్దరం సర్వర్ గదిలోకి వెళ్లాం. ఉన్నది ఒక్కటే డ్రైవ్, అదేమో ముందుకీ వెనక్కీ ఆడుతోంది. బ్యాకప్ నడుస్తోంది, మంగళవారం రమ్మన్నాను.

మంగళవారం వెళ్లేసరికి క్యూలో ఉన్నది మొదలైంది.