ఇల్లరికపు అల్లుడు ఆటోపైలట్ గారికి

మహారాజశ్రీ ఆటోపైలట్ గారికి,

అమెరికాలోని అనాపొలిస్ రేవు నుంచి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. మనిషి చక్రం పట్టకుండానే చెప్పిన దిక్కుకు పడవను నడిపే యంత్రమైన తమరు ఈ వసంతంలో మా తెరచాప పడవలో కాలుపెట్టినప్పటి నుంచి పడవ తిన్నగానే పోతోంది. వంకర తిరిగినవి మా బడ్జెట్టూ, నా నడుమూ మాత్రమే.

మిమ్మల్ని కోరి తెచ్చుకున్నాం, కాదనను. ఇక్కడి చెసపీక్ బే అనే అఖాతంలో జూలై మధ్యాహ్నం గాలి చచ్చిపోతే ఇంజన్ వేసుకుని గంటల తరబడి చక్రం పట్టుకుని నిలబడాలి. మంచినీళ్ల సీసా కోసం చెయ్యి తీస్తే చాలు, పడవ తనకు తోచిన ఊరికి బయల్దేరుతుంది. అందుకని పడవలో సగం వాటా ఉన్న మిత్రుడూ నేనూ కలిసి ఇల్లరికం సంబంధం ఖాయం చేశాం. లాంఛనాల సంగతి మాత్రం మాకెవరూ ముందు చెప్పలేదు.

మా పడవ స్టీరింగ్ పాతకాలపుది. చక్రం వెనక గొలుసు, గొలుసుకు స్టీలు తీగలు, ఆ తీగలు కప్పీల మీదుగా వెనక్కి పోయి, చుక్కాని ఇరుసుకు బిగించిన క్వాడ్రంట్ అనే పావు చక్రాన్ని లాగుతాయి. తమరు వీటిలో దేన్నీ ముట్టుకోరు. ఇరుసుకు మీకంటూ విడిగా ఒక ఇనప చెయ్యి కావాలి, దాన్ని నెట్టడానికి మీ మోటారు కడ్డీ కావాలి. రేపు తీగ తెగినా మీరు పడవను నడపగలరని చెప్పారు. ఆ ఒక్క మాటకే తల ఊపేశాం.

ఊపాక చూస్తే, మీ గది పడవ తోక భాగంలో ఉంది. తా దూర కంత లేదు మెడకో డోలన్నట్టు, నోట్లో టార్చి, చేతిలో డ్రిల్లు, గుండెల కింద ఎగ్జాస్టు గొట్టంతో పాక్కుంటూ పోయాను. మీరు తోస్తే దాదాపు మూడు వందల కిలోల బలం. పలచటి గోడకు నాలుగు మరలు కొట్టి కూర్చోబెడితే మొదటి పెద్ద అలకే గోడతో సహా ఊడి వస్తారు. అందుకని మందపాటి ప్లైవుడ్ దిమ్మ కోసి, ఎపాక్సీ జిగురు పూసి, ఫైబర్‌గ్లాస్ గుడ్డ పొరలు పొరలుగా అంటించాం. దాన్ని గీకినప్పుడు రేగిన పొడి మెడ మీద పడి పెట్టిన దురద రెండు స్నానాలకు కూడా వదల్లేదు. ఇంతా చేశాక మూలమట్టం పెట్టి చూడాలి: చుక్కాని నిటారుగా ఉన్నప్పుడు మీ కడ్డీకీ చేతికీ మధ్య సరిగ్గా తొంభై డిగ్రీలు ఉండాలి. ఆపైన మీ కడ్డీ చివరిదాకా సాగకముందే చుక్కాని తన అడ్డుకట్టకు తగిలి ఆగాలి. లేకపోతే పడవకు ఏమీ కాదు, తమరే విరుగుతారు. వారంటీ కాగితంలో దీని గురించి చాలా శ్రద్ధగా రాశారు.

తరవాత మీ ఫ్లక్స్‌గేట్ దిక్సూచి, అంటే భూమి అయస్కాంత శక్తిని పసిగట్టి మీకు దిక్కు చెప్పే ఎలక్ట్రానిక్ దిక్సూచి. దాని చుట్టుపక్కల స్పీకరు ఉండకూడదు, ఇంజన్ ఉండకూడదు, ఇనుము అసలే ఉండకూడదు. పడవ నడిమధ్యలో, కింద, ఊగు తక్కువగా ఉండేచోట కావాలన్నారు. అక్కడ కూర్చునే బల్ల కింద ఇన్నేళ్లుగా మా ఇనప దోసెల పెనం ఉంటోంది. వెళ్లగొట్టాం. ఇప్పుడది పడవ ముక్కులో, లంగరు గొలుసు పక్కన, తుప్పు పట్టుకుంటూ బతుకుతోంది. మా ఆవిడ అడిగింది, దిక్కులు తెలిసినవాడికి పెనం పక్కన ఉంటే దిక్కు తోచదా అని. నా దగ్గర జవాబు లేదు.

ఆపైన క్యాలిబ్రేషన్, అంటే దిక్సూచి చూపే తప్పును కొలిచి సరిదిద్దడం. గాలీ అలా లేని పొద్దున చూసి, నత్తనడకన గుండ్రంగా తిరగాలి. ఒక్కో చుట్టుకు రెండు నిమిషాలకు తగ్గకూడదు. తొందరపడితే తెర మీద కసురుకుంటారు. పక్కన పీతలు పట్టే ముసలాయన ఇంజన్ ఆపి మరీ చూశాడు. తప్పు 15 డిగ్రీలు దాటితే దిక్సూచికి ఇంకో గది వెతకమన్నారు. పెనం త్యాగం ఫలించి దాటలేదు.

మీది గొప్ప వంశమే. 1922లో నికొలస్ మినోర్‌స్కీ అనే ఇంజనీరు, మంచి సరంగు ఓడను ఎలా పట్టి నడుపుతాడో గమనించి ఆ ఒడుపును లెక్కల్లో పెట్టాడు. ఓడ ఎంత పక్కకు పోయింది, ఎంత జోరుగా పోతోంది, ఎంతసేపటి నుంచి పోతోంది, ఈ మూడూ చూసుకుని చుక్కాని తిప్పాలి. ఫ్యాక్టరీల్లో యంత్రాలను అదుపులో పెట్టడానికి ఇవాళ పీఐడీ అని వాడేది ఆ లెక్కే. దాన్ని యూఎస్ఎస్ న్యూ మెక్సికో అనే యుద్ధనౌక మీద పరీక్షిస్తే బాగానే నడిచింది. నడిపే సిబ్బందికే గిట్టలేదు, నౌకాదళం పక్కన పెట్టేసింది. ఆ నావికుల కడుపుమంట నాకిప్పుడు అర్థమవుతోంది.

ఎందుకంటే అల్లుడుగారూ, పడవలో సుఖమైన పని ఒక్కటే, చక్రం పట్టుకోవడం. గాలి పెరిగినప్పుడు అది అరచేతిలో చిన్నగా బరువెక్కుతుంది చూడండి, దానికోసమే ఈ పడవ కొన్నాం. మీరు ఏరి ఏరి ఆ పనే పుచ్చుకున్నారు. అడుగున మురికినీళ్లు తోడటం, ఇంజన్ ఫిల్టరు మార్చడం మాకు ఉంచారు. కాపలా కూడా మాదే. సముద్రంలో ఢీకొట్టుకోకుండా 1972లో రాసుకున్న అంతర్జాతీయ నియమాల్లో అయిదోది, ప్రతి పడవా ఎప్పుడూ కళ్లతో, చెవులతో కనిపెట్టుకుని ఉండాలంటుంది. మీకా రెండూ లేవు. బాల్టిమోర్‌కు పోయే కంటైనర్ ఓడ ఎదురొచ్చినా మీకు 042 డిగ్రీలంటే 042 డిగ్రీలే. గాలి కోణం పట్టుకోమంటే ఇంకా అందం. గాలి నెమ్మదిగా తిరుగుతుంటే తమరూ దానితో మర్యాదగా తిరుగుతారు. తెరచాపలు చక్కగా నిండి ఉంటాయి, ఊరు మాత్రం మారిపోతుంది.

తిండి మాటకొస్తే సగటున మూడు నాలుగు ఆంపియర్లు, అలలున్న రోజున ఇంకా ఎక్కువ. ఎనిమిది గంటలు నడిపితే 30 ఆంపియర్-అవర్లు హాంఫట్. మా 100 ఆంపియర్-అవర్ లెడ్ బ్యాటరీని సగానికి మించి పిండకూడదు, అందులో ఫ్రిజ్జు కూడా తినాలి. మీకోసం సోలార్ ప్యానెల్ కొంటున్నాం. మీ తోడల్లుడు విండ్‌వేన్ గారిని, అంటే గాలి వాటాన్ని బట్టి చుక్కాని తిప్పే రెక్కను చూడండి. గాలే తిండి, కరెంటు మాటే లేదు. 1960లో ఫ్రాన్సిస్ చిచెస్టర్ ఒంటరిగా అట్లాంటిక్ దాటి పందెం గెలిచింది అలాంటిదాంతోనే. ఒంటరిగా పడవలో ప్రపంచం చుట్టివచ్చే గోల్డెన్ గ్లోబ్ పందెంలో మీకు ప్రవేశమే లేదు, ఆయనకే ఉంది. 2023లో ఆ పందెంలో రెండో స్థానంలో వచ్చిన మన అభిలాష్ టోమీ, విండ్‌వేన్ భాగాలు విరిగితే మరుగుదొడ్డి తలుపు కోసి అతికించుకున్నారు. మీకు ఏదైనా విరిగితే తలుపు చాలదు, కంపెనీకి పార్సెల్ కట్టాలి.

వచ్చే ఆదివారం చుట్టాలు పులిహోరతో వస్తున్నారు. సెయింట్ మైకేల్స్ వైపు వెళ్దామంటున్నారు. చక్రం దానంతటదే తిరుగుతుంటే వాళ్లు మిమ్మల్నే మెచ్చుకుంటారు, ఫొటోలు మీతోనే దిగుతారు, అనుభవించండి. నదీ ముఖద్వారం దగ్గర మాత్రం పీతల బోనుల బెండ్లు బారులు తీరి ఉంటాయి. ఒక్క తాడు ప్రొపెల్లరుకు చుట్టుకుంటే కత్తి పట్టుకుని నీళ్లలోకి దూకాల్సింది నేను. అందుకని అక్కడ మిమ్మల్ని పక్కన కూర్చోబెట్టే స్టాండ్‌బై మీట నొక్కి చక్రం నేను తీసుకుంటాను. అప్పుడు కీ కీ మని అరవకండి, చుట్టాలు పడవకు ఏదో అయిపోయిందని టెన్షన్ పడతారు.

ఇట్లు,
తమరి కరెంటు ఖర్చులు భరించువాడు,
పడవలో సగం వాటాదారు