కొనేది పెద్దలు, ఆడేది పిల్లలు: బొమ్మను ఎవరి కళ్లతో చూడాలి?

ఆటబొమ్మల వ్యాపారంలో ఒక చిక్కు ఉంది. డబ్బిచ్చి కొనేవారు ఒకరు, దానితో రోజూ గడిపేవారు మరొకరు. ఏడాదిన్నర పాప ధర అడగదు, పెట్టె మీది రాత చదవదు, నచ్చకపోతే వెనక్కి ఇచ్చేయమని చెప్పదు. అందువల్ల పెట్టె మీద ఉన్న ప్రతి మాటా తల్లిదండ్రులనో, పుట్టినరోజు పిలుపు అందుకుని హడావిడిగా దుకాణంలోకి దూరిన బంధువులనో ఉద్దేశించి రాసిందే అయి ఉంటుంది. మెదడు చురుకవుతుందనీ, అక్షరాలు వస్తాయనీ, ఏకాగ్రత పెరుగుతుందనీ చెప్పే ఆ మాటలకు రుజువు అడిగే కొనుగోలుదారు అరుదు. మీట నొక్కగానే దీపాలు వెలిగించి ఇంగ్లిషు అక్షరమాల పాడే ప్లాస్టిక్ లాప్‌టాప్, దుకాణంలో నిలబడిన ఆ అర నిమిషంలో పెద్దల మనసు దోచుకునేలా రూపొందిన వస్తువు. బిడ్డ దానితో నెలల తరబడి ఏం చేయగలదన్న ప్రశ్న ఆ రూపకల్పనలో చాలా వెనుక వరుసలో ఉండిపోతుంది.

బొమ్మ విలువను అది చేసే పనులతో కొలిచే అలవాటు మనకు ఇక్కడి నుంచే వచ్చింది. బిడ్డ చేయడానికి అది ఎంత పని మిగులుస్తుందో చూసి కొలవడం సరైన పద్ధతి. పాడే బొమ్మ ముందు బిడ్డ శ్రోతగానే ఉంటుంది, నడిచే బొమ్మ ముందు ప్రేక్షకురాలిగానే ఉంటుంది. నాలుగు చెక్క దిమ్మెలు ఇస్తే మాత్రం ఏదో ఒకటి చేయక తప్పదు, ఎందుకంటే అవి వాటంతట అవి ఏమీ చేయవు.

ఇది కేవలం అభిరుచికి సంబంధించిన మాట కాదనడానికి ఒక ఆధారం ఉంది. అమెరికాలోని నార్తర్న్ అరిజోనా విశ్వవిద్యాలయానికి చెందిన ఆనా సోసా చేసిన పరిశీలన 2015 చివర్లో జామా పీడియాట్రిక్స్ పత్రికలో వెలువడింది. పది నుంచి పదహారు నెలల పిల్లలూ వారి తల్లిదండ్రులూ కలిసిన 26 జంటలకు బ్యాటరీతో పనిచేసే బొమ్మలు, దిమ్మెలూ చెక్క పజిళ్ల వంటి మామూలు బొమ్మలు, అట్ట పుస్తకాలు ఇచ్చి, ఇళ్లలో ఆడుకునేటప్పటి సంభాషణను రికార్డు చేశారు. బ్యాటరీ బొమ్మలతో ఆడినప్పుడు పెద్దలు తక్కువ మాటలు మాట్లాడారు, పిల్లల పలుకులకు బదులివ్వడమూ తగ్గింది. పుస్తకాలతో మాటలు అన్నిటికంటే ఎక్కువగా సాగాయి. 26 జంటలన్నది చిన్న సంఖ్యే కనుక దాని మీద పెద్ద సిద్ధాంతాలు కట్టలేం. అయినా ఫలితం వెనుక ఉన్న కారణం ఎవరికైనా అర్థమయ్యేదే: బొమ్మ మాట్లాడుతుంటే పెద్దలు ఊరుకుంటారు. భాష నేర్పుతుందని కొన్న వస్తువు, భాష నేర్పగల మనిషి చేత నోరు మూయిస్తుంది. అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో పెరుగుతూ ఇంట్లో తప్ప తెలుగు చెవిన పడే వీలులేని పిల్లల విషయంలో ఈ నష్టం ఇంకా పెద్దది.

బిడ్డకు పని మిగిల్చే బొమ్మను తయారు చేయడం సులువనుకుంటే పొరపాటు. జర్మనీలో 1840లో కిండర్‌గార్టెన్ అన్న పేరును వాడుకలోకి తెచ్చిన ఫ్రెడరిక్ ఫ్రోబెల్ తన ఆటసామగ్రిని కానుకలు అన్నారు. మొదటి కానుక మెత్తని ఊలు బంతులు, రెండోది చెక్కతో చేసిన గోళం, ఘనం, స్థూపం. మూడోది రెండంగుళాల చెక్క ఘనం, అది ఎనిమిది సమానమైన చిన్న ఘనాలుగా విడిపోతుంది. బిడ్డ మొదట చూసేది ఒకే ముద్ద. విడదీస్తే ఎనిమిది, మళ్లీ పేరిస్తే అదే ఒకటి. దాని మీద అంకె గానీ, అక్షరం గానీ లేదు. లెక్క చేతిలోనే ఉంది. ప్రఖ్యాత వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ చిన్నతనంలో, 1876 ఫిలడెల్ఫియా ప్రదర్శనలో చూసిన ఈ కానుకలను ఆయన తల్లి ఇంటికి తెచ్చారు, వాటి ప్రభావాన్ని ఆయన జీవితమంతా చెప్పుకున్నారు. (దిమ్మెలతో ఆడిన వాళ్లందరూ వాస్తుశిల్పులు కారు. ఈ ఉదంతాన్ని ప్రకటనగా వాడుకునే వాళ్లున్నారు గనుక ఈ మాట చెప్పవలసి వస్తోంది.)

ఫ్రోబెల్ అనుచరులు క్రమంగా ఆ కానుకలతో ఏ వయసులో ఏ ఆకారం ఎలా పేర్చాలో కూడా నిర్దేశించే స్థితికి వెళ్లారు. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో న్యూయార్క్‌లో ఉపాధ్యాయురాలు కారొలైన్ ప్రాట్ ఆ పట్టు వదిలించే దిమ్మెలను రూపొందించారు. ఆమె ప్రామాణిక దిమ్మె మందానికి రెండింతలు వెడల్పు, వెడల్పుకు రెండింతలు పొడవు. మిగతావన్నీ దానిలో సగమో, దానికి రెట్టింపో, నాలుగింతలో. కట్టే గోడ ఒకచోట కురచైతే రెండు సగాలు తెచ్చి ఆ ఖాళీ నింపవచ్చునని బిడ్డ తానే కనిపెడుతుంది, భిన్నం అన్న మాట వినడానికి ఎన్నో ఏళ్ల ముందే. ఆ దిమ్మెలకు రంగు కూడా వేయలేదు, ఎర్రదిమ్మె ఇంటికప్పు అనో, పచ్చదిమ్మె చెట్టు అనో ముందే తేల్చేయకూడదు కనుక. రూపకల్పన అంటే అలంకరణ అనుకునేవారు గమనించవలసిన విషయం ఇది: ఇక్కడ కష్టమంతా కొలతల్లో ఉంది, కంటికి కనిపించేది దాదాపు ఏమీ లేదు.

లెగో ఇటుకలది కూడా అదే సూత్రం. డెన్మార్క్‌లో 1958లో పేటెంటుకు దరఖాస్తు చేసిన ఆ ఇటుక రకంలో ఎనిమిది బొడిపెలవి ఆరు తీసుకుంటే వాటిని 91 కోట్లకు పైగా విధాలుగా కలపవచ్చు. ఐదేళ్లలోపు పిల్లల చేతులకు సరిపడేలా పొడవు, వెడల్పు, ఎత్తులను రెండింతలు చేసి 1969లో తెచ్చిన డుప్లో ఇటుకలు పాత ఇటుకలతోనూ అతుకుతాయి. అంటే బిడ్డ పెరిగినా పాత బొమ్మ వృథా కాదు. అయితే ఒకే ఒక ఓడనో, కోటనో కట్టడానికి సూచనల పుస్తకంతో సహా వచ్చే ఖరీదైన పెట్టెలు అదే సంస్థ నుంచి వస్తున్నాయి. వాటిని ఒకసారి కట్టి అల్మారాలో పెట్టడమే చాలా ఇళ్లలో జరుగుతోంది. అది పెద్దలకు మంచి కాలక్షేపం కావచ్చు. నాలుగేళ్ల పిల్లలకు విడి ఇటుకల డబ్బా చాలు.

మన దగ్గరికి వస్తే, అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక లక్కబొమ్మలు ఈ కొలతకు చాలావరకు నిలుస్తాయి. మెత్తని అంకుడు కర్రను లేత్ మీద తిప్పుతూ ఉలితో చెక్కుతారు కనుక ఆ బొమ్మకు సహజంగానే గుచ్చుకునే మూలలు ఉండవు. తిరుగుతున్న కర్రకు రంగు కలిపిన లక్కను ఒత్తిపెడితే రాపిడి వేడికి అది కరిగి కర్రను అంటుకుంటుంది. అందుకే మామూలు రంగులా అది పెచ్చులుగా లేచిరాదు. చేతికందిన ప్రతిదాన్నీ నోట్లో పెట్టుకునే వయసులో ఇది చిన్న విషయం కాదు. రసాయన రంగుల నుంచి పసుపు, నీలిమొక్క, జాఫ్రా గింజల వంటి వాటి రంగుల వైపు ఈ కళను మళ్లించడంలో ఏటికొప్పాక కళాకారుడు సి.వి.రాజు కృషి ప్రధానమైనది. ఆయనకు 2023లో పద్మశ్రీ వచ్చింది, బొమ్మలకు 2017లోనే భౌగోళిక గుర్తింపు లభించింది. గిలక్కాయ, బొంగరం, లాగుడు బండి, లక్కపిడతలు అన్నీ బిడ్డ కదిపితేనే కదిలేవి, బిడ్డ ఊహిస్తేనే వంట అయ్యేవి. లక్కపిడతలు ఆడపిల్లలకే కొనడం మాత్రం కొనేవారి తప్పు, బొమ్మది కాదు.

కానీ కొనేవారి కన్ను ఇక్కడ కూడా తన పని చేసింది. నేడు లక్కపని అమ్మే దుకాణాల్లో గాజుల స్టాండ్లు, కుంకుమ భరిణెలు, దేవుడి విగ్రహాలు, బహుమతిగా ఇచ్చే పెళ్లి బృందం బొమ్మలు ఆటవస్తువులను పక్కకు నెట్టేస్తున్నాయి. కొండపల్లి బొమ్మల సంగతి ఇంకా స్పష్టం. తెల్ల పొణికి కర్రతో విడివిడి భాగాలు చెక్కి, చింతగింజల ముద్దా రంపపు పొట్టూ కలిపి అతికించి రంగులద్దే ఆ దశావతారాలు, అంబారీ ఏనుగులు సంక్రాంతి, దసరా బొమ్మల కొలువుకు పుట్టిన శిల్పాలు. వాటిని రెండేళ్ల పిల్లవాడి చేతికిస్తే విరిగేది ఏనుగు తొండమే, తిట్లు తినేది పిల్లవాడే. సంప్రదాయం మీది అభిమానంతో కొలువు బొమ్మను ఆటబొమ్మగా కొనడం, ఆధునికత మీది మోజుతో ప్లాస్టిక్ లాప్‌టాప్ కొనడం కంటే గొప్ప పనేమీ కాదు. రెండు సందర్భాల్లోనూ కొన్నవారి తృప్తే ముందు నిలిచింది. తాటికాయ బుర్రలతో బండి చేసుకున్న బాల్యాన్ని అపార్టుమెంటు పిల్లలకు ఆదర్శంగా చూపించే వ్యాసాలు కూడా ఈ కోవలోవే. వారికి దొరకని తాటికాయ గురించి చెప్పి ప్రయోజనం లేదు. మూతలు, డబ్బాలు, గరిటెలు, పాత దుపట్టా ఏ ఇంట్లోనైనా దొరుకుతాయి.

భద్రత విషయంలో పెద్దల తీర్పుకు ప్రత్యామ్నాయం లేదు. 2021 జనవరి 1 నుంచి దేశంలో అమ్మే ఆటబొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేశారు. 2020 ఫిబ్రవరిలో దిగుమతి సుంకాన్ని 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. చౌక దిగుమతులు తగ్గిన మాట నిజమే. అయితే ఆ గుర్తు చెప్పేది ఆ వస్తువు దానికి చెప్పిన వయసు పిల్లలకు భద్రతా ప్రమాణాలను అందుకుందనీ, అందులో సీసం వంటివి మితి మీరి లేవనీ మాత్రమే. మంచి బొమ్మ అని అది చెప్పదు. సంతల్లో, రోడ్ల పక్కన గుట్టగా పోసి అమ్మే వాటి మీద ఆ గుర్తు వెతికేవారూ తక్కువ. మూడేళ్లలోపు పిల్లల బొమ్మల చిన్న భాగాలను పరీక్షించే గొట్టం వ్యాసం దాదాపు 32 మిల్లీమీటర్లు, అంటే పది రూపాయల నాణెం కంటే కొంచెం పెద్దది. అందులో పూర్తిగా ఇమిడిపోయే ముక్క ఏదైనా ఆ వయసు వారికి ప్రమాదమే. బిళ్ల బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక తీవ్రంగా కాలిపోవచ్చు కనుక, ఆ బ్యాటరీ ఉంచే అర మూతకు స్క్రూ లేని బొమ్మను ధర ఎంత తక్కువైనా వదిలేయాలి.

ఎన్ని కొనాలన్నది మరో ప్రశ్న. టోలెడో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనంలో 36 మంది చిన్నపిల్లలను ఒకసారి నాలుగు బొమ్మలతో, మరోసారి పదహారింటితో ఆడనిచ్చారు. నాలుగే ఉన్నప్పుడు వారు ఒక్కో బొమ్మతో ఎక్కువసేపు, ఎక్కువ విధాలుగా ఆడారు. ఇంట్లో ఇప్పటికే కుప్పగా ఉంటే సగం అటక మీద పెట్టి, నెలకోసారి మార్చి దింపితే సరిపోతుంది.

ఇక ప్రభుత్వం వైపు నుంచి ఒక లోటు మిగిలే ఉంది. ఐఎస్ఐ గుర్తును తప్పనిసరి చేసిన నాణ్యతా ఉత్తర్వు అమలుకు ముందే, 2020 డిసెంబరులో, నమోదైన హస్తకళాకారుల బొమ్మలకూ భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలకూ ఐఎస్ఐ గుర్తు నుంచి మినహాయింపు ఇచ్చారు. పరీక్షల ఖర్చు ఒక చిన్న కుటుంబం భరించలేదు కనుక అది న్యాయమైన నిర్ణయం. కానీ దాని ఫలితంగా, అచ్చంగా మొక్కల రంగు వేసిన గిలక్కాయకూ, పక్కనే అదే ధరకు దొరికే రసాయన రంగు గిలక్కాయకూ తేడా చెప్పే సాధనం కొనేవారి చేతిలో లేకుండా పోయింది. లేపాక్షి, గోల్కొండ ఎంపోరియాలు అమ్మే ప్రతి పిల్లల బొమ్మకూ ఏ కర్ర, ఏ రంగు, ఏ వయసుకు అన్న మూడు వివరాలు తెలుగులో రాసిన చిన్న చీటీ కట్టించడం ఖర్చుతో కూడిన పని కాదు. రంగుల నమూనాలను కళాకారుల సంఘం తరఫున ఏడాదికోసారి ప్రభుత్వ ఖర్చుతో పరీక్షిస్తే ఆ చీటీకి విలువ కూడా వస్తుంది, గాజుల స్టాండ్ల వైపు మళ్లిన లేత్‌లు కొన్నయినా మళ్లీ గిలక్కాయల వైపు తిరగడానికి వ్యాపార కారణం దొరుకుతుంది.