'స్కాన్ చేయవలసినవి' అని పేరున్న అట్టపెట్టెకు బహిరంగ లేఖ

మహారాజశ్రీ అట్టపెట్టె గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. మీ క్షేమం ప్రత్యేకంగా అడగవలసిన పని లేదు. మొన్న గది ఊడ్చేటప్పుడు మిమ్మల్ని గోడ వారకు జరపబోతే నడుము పట్టేసింది కాబట్టి, మీరు ఏపుగానే ఉన్నారని ఆ నడుమే సాక్ష్యం చెబుతోంది. మూడేళ్ల క్రితం ఒక ఆదివారం మధ్యాహ్నం లావుపాటి మార్కరుతో మీ పక్కన 'స్కాన్ చేయవలసినవి' అని రాసి నామకరణం చేసినవాడిని నేనే. ఆ రెండు మాటలు రాయగానే సగం పని పూర్తయినంత తృప్తి కలిగింది. ఇల్లు అలకగానే పండుగ కాదన్న సంగతి ఆ క్షణాన తట్టలేదు.

మీరు రాకముందు మా కాగితాలు టీవీ వెనక, మంచం కింద, మడతబట్టల అడుగున దిక్కులేకుండా పడి ఉండేవి. మీరు వచ్చాక వాటికి ఒక హోదా వచ్చింది. ఇప్పుడవి చెత్త కావు, విచారణకు నోచుకోవలసిన అర్జీలు. ఏ కాగితాన్ని చేతిలోకి తీసుకున్నా, దీన్ని ఉంచాలా పారేయాలా అని తేల్చుకోవలసిన బాధను మాకు తప్పించి, "పెట్టెలో వేయండి, తరువాత స్కాన్ చేద్దాం" అని చేతులు దులుపుకునే సౌకర్యాన్ని మీరు కల్పించారు. తేల్చవలసిన విషయాన్ని నానబెట్టడానికి ఇంతకంటె మర్యాదైన ఏర్పాటును నేనెరగను.

స్కానరు కొన్నది కూడా మీ కోసమే. కొనే ముందు దాని పుట్టుపూర్వోత్తరాలు శ్రద్ధగా చదివాను. 1957లో అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థలో పనిచేస్తున్న రస్సెల్ కిర్ష్, మూడు నెలల వయసున్న తన కొడుకు ఫొటోను కంప్యూటరులోకి ఎక్కించారు. అడ్డానికి 176 చుక్కలు, నిలువుకు 176 చుక్కలు. మొత్తం 31 వేలైనా నిండని ఆ చుక్కల్లో ఒక పసివాడి ముఖం ఇమిడిపోయింది. నేను మాత్రం అంగుళానికి 300 చుక్కల చొప్పున, ఒక్కొక్క ఏ4 పుటకు దాదాపు 87 లక్షల చుక్కలు ఖర్చు చేసి, మొట్టమొదట భద్రపరచినది ఒక ఇస్త్రీపెట్టె వాడుక విధానం. అది పదకొండు భాషల్లో ఉంది. వాటిలో మా ఇంట్లో ఒక్కటే తెలిసినా, మిగిలిన పదింటికీ అన్యాయం జరగకూడదని అన్నీ స్కాన్ చేశాను. ఆ ఇస్త్రీపెట్టె కాలిపోయి అప్పటికి ఏడాది దాటింది.

తరువాత, కాగితాలను తనంతట తానే లాక్కునే ఫీడరు ఉంది గదా అన్న ధీమాతో, ఒక సాయంత్రం పాత జీతపు చీటీల కట్టను దాని నెత్తిన పెట్టి పక్కగదిలోకి వెళ్లాను. మొదటి పది కాగితాలు బుద్ధిగా వెళ్లాయి. పదకొండోదాని మూలన స్టేప్లరు పిన్ను ఒకటి మిగిలిపోయినందువల్ల అది విసనకర్రలా మడతలు పడి లోపల ఇరుక్కుంది. లాగితే సగం వచ్చింది. మిగిలిన సగాన్ని టార్చిలైటు వెలుగులో పట్టకారుతో ముక్కలు ముక్కలుగా బయటికి తీశాను. పిన్నులన్నీ పీకి, మళ్లీ మొదలుపెట్టి, 212 పుటలు పూర్తయ్యాక చూస్తే, ఫీడరు కింద ఉండే సన్నని గాజుపట్టీ మీద ఆవగింజలో సగమైనా లేని జిగురు చుక్క ఒకటి అంటుకుని ఉంది. కాగితం కదులుతుంది, గాజు కదలదు. అందుచేత ఆ చుక్క ప్రతి పుట మీదా పైనుంచి కిందిదాకా ఒక నల్లని గీత గీసింది. అది సరిగ్గా మొత్తం జీతం అంకె మీదుగా పోయింది. నా సంపాదన విషయంలో ఆ యంత్రం అభిప్రాయం అదే కావచ్చు.

గీత పడితే కనీసం కంటికి కనబడుతుంది. 2013లో డేవిడ్ క్రీజెల్ అనే జర్మన్ కంప్యూటరు శాస్త్రవేత్త, స్కాన్ చేసిన ఒక నిర్మాణ నక్షాను పరిశీలిస్తే, అసలు కాగితం మీద 21.11, 17.42 చదరపు మీటర్లని ఉన్న గదులు స్కానులో 14.13 చదరపు మీటర్లకు కుదించుకుపోయి ఉన్నాయి. ఫైలు బరువు తగ్గించడానికి ఆ యంత్రం ఒకేలా కనిపించిన ముక్కలను ఒక్కసారే దాచుకుని, మిగతా చోట్ల కూడా దాన్నే అతికిస్తుంది. పాపం, దాని కంటికి ఆ అంకెలన్నీ ఒకేలా కనిపించాయి. అవి ఏమాత్రం మసకబారలేదు, అలుక్కుపోలేదు, ముత్యాల్లాంటి తప్పులు. మీ కడుపులో ఉన్న కాగితం చిరిగినా, చెదలు పట్టినా, గది కొలతలు మాత్రం మార్చదని ఈ సందర్భంగా ఒప్పుకుంటున్నాను.

అలాగని మీలో ఉన్నవన్నీ హరిశ్చంద్రులేమీ కావు. ముఖ్యంగా ఆ బిల్లులు. అవి సిరాతో అచ్చయినవి కావు. వేడి తగిలితే నల్లబడే పూతను కాగితానికి పూసి, అవసరమైన చోట మాత్రమే వేడి తగిలించి రాయించినవి. ఎండ తగిలినా, జిడ్డు చేయి తగిలినా, మెత్తని ప్లాస్టిక్ కవర్లలో ఉండే రసాయనాలు తగిలినా ఆ రాత వెలిసిపోతుంది. ఈ ముక్క తెలియక, చిరకాలం ఉండాలన్న కోరికతో వాటిని ప్లాస్టిక్ కవర్లలో పెట్టి మీకు అప్పగించినవాడిని నేను. రెండేళ్ల వారంటీ ఉన్న వస్తువుకు ఏడాదికే మాట పడిపోయే రసీదు ఇవ్వడంలో అమ్మేవారి దూరదృష్టి ఎంతో నేను చెప్పలేను గానీ, స్కానుకు మొట్టమొదట కూర్చోబెట్టవలసినవి అవే. చిన్నవి, చుట్టలు చుట్టుకుపోయేవి, ఫీడరులో నిలవనివి కాబట్టి వాటినే చివరికి వదిలేశాను.

స్కాన్ చేసినంత మాత్రాన చదువుకునే వీలు కలుగుతుందే తప్ప వెతుక్కునే వీలు కలగదని కూడా ఆలస్యంగా తెలిసింది. బొమ్మలో ఉన్న అక్షరాలను గుర్తించే ఓసీఆర్‌కు మన లిపి మీద ఇంకా పూర్తిగా చేయి తిరగలేదు. 'ప'కూ 'వ'కూ మధ్య ఉన్న వెంట్రుకవాసి తేడా పాత అచ్చులో పూడుకుపోయిందంటే 'పన్ను' కాస్తా 'వన్ను' అవుతుంది, 'పత్రం' 'వత్రం' అవుతుంది. కొంతకాలం దానితో పోట్లాడి, చివరికి నేనే దాని భాష నేర్చుకున్నాను. పన్ను కాగితం కావలసినప్పుడల్లా ఇప్పుడు 'వన్ను' అని వెతుకుతున్నాను. ఇక ఫైళ్ల పేర్లు 'స్కాన్ 0001' నుంచి 'స్కాన్ 0418' వరకు ఉన్నాయి. మీలోనైతే ఆ పచ్చరంగు కాగితం అడుగున, కుడివైపు ఉందని చేతికి గుర్తుండేది.

ఆఫీసులో మీ బంధువర్గం ఇంకా వైభవంగా ఉంది. కాగితం లేని ఆఫీసు రాబోతోందని 1975లోనే ఒక అమెరికన్ వ్యాపార పత్రిక జోస్యం చెప్పింది. మా ఆఫీసుకు ఆ కబురు ఈమధ్యనే అందింది. కాగితం వాడకం తగ్గించాలన్న సర్క్యులరు ఈమెయిలులో వచ్చింది. దాన్ని ప్రింటు తీసి, చదివినట్టు సంతకం పెట్టి, స్కాన్ చేసి తిరిగి పంపాలని అడుగున రాసి ఉంది. పంపాను. అందుకున్న ఉద్యోగి దాన్ని మళ్లీ ప్రింటు తీసి ఫైలులో తగిలించుకున్నారు. కంప్యూటరులో పుట్టి కంప్యూటరులోనే ఉండిపోవలసిన ఒక పేజీ ఈ విధంగా రెండుసార్లు కాగితమై, నా సంతకం నీడ ఒకటి నెల తిరగకుండానే మరొక అట్టపెట్టెకు చేరుకుంది. ఏడాది చివర తనిఖీకి వచ్చినవారు ఆ ఫైలు స్కాను కాపీ అడిగారని వేరే చెప్పనక్కరలేదు.

ఇంతకూ స్కాన్ అయిన కాగితాలు ఏమయ్యాయని మీరు అడగవచ్చు. వాటిని పారేయబోతుంటే మా ఆవిడ "కంప్యూటరు పోతే?" అంది. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. అందుచేత 'స్కాన్ చేసినవి' అనే పేరుతో మీకొక తమ్ముడు పుట్టాడు. మీ పక్కనే ఉన్నాడు, పోలికలు అచ్చం మీవే. తమ్ముడి మీద భరోసాతో కంప్యూటరులోని ఫైళ్లకు రెండో కాపీ తీయలేదు. కాబట్టి ఇప్పుడు నేను కాగితానికి స్కాను, స్కానుకు కాగితం తోడుపెట్టి, రెండింటినీ వెతకలేని స్థితిలో ఉన్నాను. ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉందనడానికి కూడా వీల్లేదు. ఇప్పుడవి రెండు గొంగళ్లు.

మీ వంశవృద్ధిని ఆపే ఉపాయం తెలియక కాదు. కాగితం గడప దాటి లోపలికి వచ్చిన రోజునే దాని సంగతి తేల్చాలి. సగానికి సగం అసలు స్కానుకే అర్హమైనవి కావు. ఉంచదగినదాన్ని ఏడాది, నెల, తేదీ వరుసలో పేరు పెట్టి దాచితే ఫైళ్లు వాటంతట అవే వరుసలో నిలబడతాయి. దీర్ఘకాలం నిలవాలని 2005లో ప్రమాణంగా వచ్చిన పీడీఎఫ్/ఏ రూపంలో దాచి, మూడు కాపీలు చేసి, ఒకదాన్ని ఇంటికి దూరంగా ఉంచాలి. మూలప్రతే కావాలని ఎవరైనా అడిగే పత్రాలను, అంటే ముద్రలు, అసలు సంతకాలు ఉన్నవాటిని, ఒక సన్నని ఫైలులో ఉంచి, మిగిలినవాటిని అదే రోజు చింపేయాలి. ఇదంతా ఒక కాగితం మీద నీటుగా రాసుకున్నాను. అది మీలోనే ఎక్కడో ఉంది.

ఇక ఈ లేఖ రాయవలసి వచ్చిన అసలు కారణం. పోయిన వారం స్కానరు ఆగిపోయింది. వారంటీ ఇంకా నాలుగు నెలలు ఉందని సంతోషించి మరమ్మతు కేంద్రానికి ఫోను చేస్తే, కొన్నప్పటి బిల్లు చూపించమన్నారు, స్కాను కాపీ అయినా చాలన్నారు. మిమ్మల్ని నేల మీద బోర్లించి, రెండు గంటలు వెతికి, అడుగున స్కానరు వాడుక విధానం మధ్యలో, ప్లాస్టిక్ కవరులో, నాలుగు మూలలూ నలగకుండా ఆ బిల్లు దొరికింది. వెలుగుకు పట్టి చూశాను. వెనకవైపు కొట్టువాడు బాల్‌పెన్నుతో పెట్టిన టిక్కు తప్ప దాని మీద ఇంకేమీ లేదు.

దాన్ని తిరిగి మీలోనే ఉంచాను. స్కాన్ చేయవలసినదే గదా.

ఇట్లు,
మీ పేరు పెట్టినవాడు