మాడ్ ముందా, సొంత గేమ్ ముందా?

కిరణ్: అక్కా, గేమ్ డిజైన్ నేర్చుకుంటానన్నవాడికి మైన్‌క్రాఫ్ట్ మాడ్లు, అంటే ఉన్న గేమ్‌కి చేసే మార్పులు, అంటగడతావేంటి? గేములు తయారుచేసే ఇంజన్ గొడాట్ ఉచితంగానే దొరుకుతుంది. ఖాళీ ప్రాజెక్టు తెరిచి మొదటి నుంచీ కట్టుకోమను.

సుధ: కట్టేదెప్పుడు? బొమ్మ తెర మీద సరిగ్గా నడవడానికే వారాలు పోతాయి. అది ప్రోగ్రామింగ్, డిజైన్ కాదు. మైన్‌క్రాఫ్ట్‌లో దగ్గరికొచ్చి పేలే రాక్షసి ఉందే, ఆ క్రీపర్‌నే తీసుకో. కంప్యూటర్‌లో ఆడే జావా ఎడిషన్‌లో అది నీకు 3 బ్లాకుల (ఆ లోకాన్ని కట్టిన ఘనాల) లోపలికొస్తే ఆగి బుసకొడుతుంది. 30 టిక్కులకు, అంటే సెకనున్నరకు, పేలుతుంది. నువ్వు 7 బ్లాకులు దాటితే చల్లబడుతుంది. నడక సెకనుకు 4.3 బ్లాకులు. అంటే తప్పించుకోడానికి దాదాపు సెకను పడుతుంది, ఉలిక్కిపడి తేరుకోడానికి అర సెకను మిగులుతుంది. భయమంతా ఆ అర సెకనులోనే ఉంది. ఇప్పుడు ఛీట్స్ ఆన్ చేసి, జీవుల్ని రప్పించే సమ్మన్ కమాండ్‌లో ఫ్యూజ్ (పేలేదాకా పట్టే టిక్కులు) 60 పెట్టి ఒకదాన్ని దింపు. తీరిగ్గా నడిచి వెళ్లిపోతావు. 10 పెట్టు, పరుగెత్తినా మూడు బ్లాకులు దాటలేవు, చచ్చి గేమ్‌ని తిట్టుకుంటావు. క్రియేటివ్ మోడ్‌లో ఉంటే అది నిన్ను పట్టించుకోదు, సర్వైవల్ మోడ్‌కి మారాలి. పీస్‌ఫుల్ అనే తేలిక స్థాయిలో అసలు ఉండనే ఉండదు. ఇంకోటి, ఫ్యూజ్‌తో పాటే పేలుడు వ్యాసార్థాన్ని కూడా 3 నుంచి 6కి మార్చావో, ఏ మార్పు ఏం చేసిందో అంతుపట్టదు.

కిరణ్: బాగుంది. మరి ఆ 4.3 ఎవరు పెట్టారు? ఎంత ఎత్తు ఎగరాలి, కెమెరా ఎక్కడుండాలి, అసలు బ్లాకులే ఎందుకు... ఇవన్నీ మైన్‌క్రాఫ్ట్ చేసిన మోజాంగ్‌వాళ్లు తేల్చేశాక నువ్వు తిప్పేది ఒక్క అంకె. వండిన కూరలో ఉప్పు సరిచూసి వంటొచ్చిందంటే ఎలా? పైగా మైన్‌క్రాఫ్ట్ 1.21 వెర్షన్‌లో, మన మార్పులు పెట్టుకునే డేటా ప్యాక్‌లో కమాండ్ల ఫోల్డర్ పేరు ఫంక్షన్స్ నుంచి ఫంక్షన్‌కి మారింది. పాత పాఠం చూసి చేస్తే ప్యాక్ లోడవుతుంది, ఎర్రర్ రాదు, ఫంక్షన్ మాత్రం కనబడదు.

సుధ: అది నిజమే. అందుకే ఒక్క వెర్షన్ పట్టుకుని అక్కడే ఉండాలి. అయినా, 1999లో కౌంటర్-స్ట్రైక్ గేమ్ హాఫ్-లైఫ్ అనే ఇంకో గేమ్‌కి మాడ్‌గానేగా మొదలైంది?

కిరణ్: ఆ ఒక్క పేరే చెప్తావు, మూలపడ్డ మాడ్ల ఊసెత్తవు. ఇక మైన్‌క్రాఫ్ట్ కొనడానికి డబ్బెవరిస్తారు?

సుధ: డబ్బే అడ్డమైతే లువాంటి అనే బ్లాకుల గేమ్ ఇంజన్ ఉంది, పాత పేరు మైన్‌టెస్ట్. ఉచితం, మాడ్లు లువా అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసుకోవచ్చు.

కిరణ్: ఇంజన్‌తో క్రీపర్ రాదుగా?

సుధ: రాదు. నువ్వే రాసుకోవాలి.

కిరణ్: నేను మొదటి నుంచీ మొత్తుకునేది అదేగా!

సుధ: రాసుకో, వద్దన్నానా? 3, 7, సెకనున్నరతో మొదలుపెట్టు. కాకపోతే లువాంటిలో మామూలు నడక సెకనుకు 4 బ్లాకులే. నీ అర సెకను ఇంకాస్త తరుగుతుంది. ఫ్యూజ్ ఎంత పెంచాలో ముందు అది తేల్చు.