రాణిగంజ్ ఆలోచనా నాయకుడు

మా బావమరిది సికింద్రాబాద్ రాణిగంజ్‌లో పంపుసెట్లు అమ్ముతాడని పాతికేళ్ళుగా నమ్ముతూ వచ్చాను. పెళ్ళిళ్ళలో నలుగురికీ అలాగే పరిచయం చేశాను కూడా. ఎంత పొరపాటు! మొన్న ఉద్యోగ, వ్యాపార పరిచయాల సైటు లింక్డిన్‌లో అతని పేజీ చూశాక సిగ్గుతో తల వంచుకున్నాను. పేరు కింద ఇలా రాసి ఉంది: "జలసాధికారత ద్వారా గ్రామీణ జీవితాల పునర్నిర్మాణం | వ్యవస్థాపకుడు | వక్త | ఆలోచనా నాయకుడు | నిరంతర విద్యార్థి." వ్యవస్థాపకుడు మా మామగారని చెప్పుకోవడం అనవసరం. నిరంతర విద్యార్థి అన్నది మాత్రం అక్షరసత్యం. ఇంటర్ రెండో సంవత్సరంలో మూడేళ్ళున్నాడు. ఆ వరసకు 220 అక్షరాలే ఇస్తారట. లేకపోతే దేశానికి ఇంకా ఎన్ని సేవలు బయటపడేవో.

ఈ పరివర్తనకు కారకుడు ఒక లీడ్ జనరేషన్ నిపుణుడు. నెలకు ఇంత అని జీతం మాట్లాడుకుని, పంపుల వ్యాపారాన్ని ఉద్ధరించడానికి వచ్చాడు. లీడు అంటే ఏమిటో తెలియనివారి కోసం చిన్న వివరణ. మన సరుకు కొంటాడేమో అని మనకు అనుమానం కలిగిన ప్రతి మనిషీ లీడే. ఆ అనుమానం అతనికి కలగాలన్న నియమం లేదు. లీడుల్లో చల్లనివారు, గోరువెచ్చనివారు, వేడివారు అని మూడు జాతులు. చల్లనివారిని సందేశాల పొయ్యి మీద పెట్టి, సన్నని సెగన కాస్తూ, పొంగు వచ్చే సమయానికి బిల్లు చేతిలో పెట్టాలి. మొదటి సమావేశంలో నిపుణుడు గంభీరంగా, "సార్, ఇన్నేళ్ళు మీరు గరాటు లేకుండా వ్యాపారం చేశారు" అన్నాడు. మావాడు నొచ్చుకుని కుర్రాణ్ణి కేకేశాడు. "ఒరేయ్, పక్క కొట్లో ఒక గరాటు పట్టుకురా. రేకుది కావాలా సార్, ప్లాస్టిక్‌దా?" రాణిగంజ్‌లో గరాటుకు కరువేమిటి? లీడులను పైనుంచి పోస్తే కింద కొనుగోలుదారులు చుక్కలు చుక్కలుగా రాలే అదృశ్య గరాటు అది అని అర్థం కావడానికి రెండు టీలు పట్టాయి.

లింక్డిన్ సైటును చూసి నవ్వే సంకుచిత మనస్కులు కొందరున్నారు. వారికి చరిత్ర తెలియదు. 2002 డిసెంబరులో రీడ్ హాఫ్‌మన్ అనే పెద్దమనిషి ఇంటి హాల్లో పుట్టి, 2003 మే 5న లోకానికి తలుపు తీసిన సంస్థ ఇది. 2016లో మైక్రోసాఫ్ట్ దీన్ని 2,620 కోట్ల డాలర్లకు బేరం చేసింది. సభ్యులు 100 కోట్లు దాటారు. అమెరికా తర్వాత ఎక్కువమంది మన దేశంవారే, 10 కోట్ల పైమాట. ఇంతమంది ఒక్కచోట చేరినా ఎక్కడా తిట్టు వినిపించదు, తోపులాట ఉండదు. అందరూ అందరినీ అభినందిస్తుంటారు. ఉద్యోగం వచ్చినవాడినీ అభినందిస్తారు, పోయినవాడినీ "కొత్త ప్రయాణానికి" అభినందిస్తారు. సభ్యుల ఈమెయిల్ పరిచయస్తులకు, సైటులో చేరమన్న ఆహ్వానాన్ని గుర్తుచేస్తూ మళ్ళీ మెయిళ్ళు పంపారన్న దావా ఒకటి నడిచింది. తప్పు ఒప్పుకోకుండానే 2015లో 1.3 కోట్ల డాలర్లకు ఆ సంస్థ రాజీ చేసుకుంది. శుభలేఖ అందిందా అని మూడుసార్లు ఫోను చేసి అడిగే మన పెద్దలను ఎవరైనా కోర్టుకు లాగారా?

మావాడిని పూర్తిగా లొంగదీసుకున్నది మాత్రం మార్కులు. సోషల్ సెల్లింగ్ ఇండెక్స్ అని ఆ సైటులో ఒక కొలత ఉంది. నూటికి లెక్క, నాలుగు భాగాలు, ఒక్కోదానికి 25. మన ముఖానికి ఎంత గుర్తింపు ఉంది, తగిన మనుషులను వెతుకుతున్నామా, కబుర్లలో పాల్గొంటున్నామా, సంబంధాలు పెంచుతున్నామా అని రోజూ దిద్ది చెబుతుంది. తెలుగు ఇంట్లో పుట్టినవాడికి నూటికి లెక్క కట్టి చూపిస్తే అమ్మకాల సంగతి ఎవడికి గుర్తుంటుంది? "బావగారూ, నిన్న అరవై ఎనిమిది, ఇవాళ డెబ్బై ఒకటి!" అని పొద్దున్నే ఫోను. నలభై తొమ్మిదో ఏట తమ్ముడు ఫస్టు క్లాసులో పాసయ్యాడని మా ఆవిడ ఆంజనేయస్వామికి కొబ్బరికాయ కొట్టింది.

మార్కులు పెరగాలంటే రాయాలి. రాయడంలో ఒక ఛందస్సు ఉంది. వాక్యానికి ఒక పేరా. మొదటి మూడు వరుసల్లో ఉత్కంఠ, ఎందుకంటే ఆ తర్వాతిది "ఇంకా చూడండి" అన్న తెర వెనక్కి పోతుంది. ఎవరో ఒకరు ఏడవాలి. జనగామ దగ్గరి రైతు ఒకాయన కాలిపోయిన 5 హెచ్‌పి మోటారు ఆటోలో వేసుకొచ్చి, కొట్టు ముందు నిలబడి, మావాడి వంశాన్ని నాలుగు తరాల దాకా తలుచుకుని వెళ్ళాడు. లో వోల్టేజీలో నడిపితే వైండింగ్ కాలక ఏమవుతుంది, గ్యారంటీ వర్తించదు అని మావాడు. మోటారు అమ్మిన రోజు ఆ ముక్క చెప్పావా అని ఆయన. చివరికి సగం ఖర్చుతో రీవైండింగ్ చేయించి పంపారు. అదే సంఘటన నిపుణుడి చేతిలో పడి ఇలా వెలిసింది:

"నిన్న ఒక రైతు నా దగ్గరికి వచ్చాడు.

అతని కళ్ళలో నీళ్ళు.

నా కళ్ళలోనూ నీళ్ళు.

అతని బోరులో మాత్రం నీళ్ళు లేవు.

ఆ రోజు నాయకత్వం గురించి నేను నేర్చుకున్న ఐదు పాఠాలు..."

ఐదింటిలో ఒక్కటీ స్టార్టర్ గురించి కాదు. కింద నలభై వ్యాఖ్యలు: "ఎంత లోతైన దృక్పథం", "పంచుకున్నందుకు కృతజ్ఞతలు." ఇంతమంది ఇంత త్వరగా ఎలా కదిలిపోయారని అడిగాను. దానికొక వాట్సాప్ గ్రూపు ఉందట. ఎవరు పోస్టు పెట్టినా మిగతావారు పది నిమిషాల్లో వచ్చి చలించిపోవాలి. మన పెళ్ళిళ్ళలో చదివింపుల పుస్తకం లాంటిదే. నువ్వు నాకు 516 చదివించావు, నీ ఇంట్లో కార్యానికి నేనూ 516 చదివిస్తాను. ఎవరూ లాభపడరు; కానీ ఎంత చప్పుడు!

ఇక సందేశాలు. ఒక్కొక్కరికీ కూర్చుని రాసే ఓపిక ఎవరికి? దానికి యంత్రం ఉంది. అలాంటి యంత్రాలను వాడకూడదని ఆ సైటు నిబంధనల్లోనే ఉంది, కాబట్టే వాటికి అంత గిరాకీ. యంత్రం ముందు పరిచయం కోరుతుంది. ఒప్పుకోగానే పొగుడుతుంది. రెండోరోజు మీ వ్యాపారంలో నొప్పి ఎక్కడ అని అడుగుతుంది. నాలుగోరోజు పదిహేను నిమిషాలు మాట్లాడదామంటుంది. వారానికి, "నా సందేశం మీ కంట పడలేదేమో" అని బెంగపడుతుంది. చివరికి "ఇక మీ ఫైలు మూసేయమంటారా?" అని అలుగుతుంది. అప్పులవాళ్ళు కూడా ఇంత వరసగా రారు.

అయితే ఆ యంత్రం పడమటి దేశంలో తయారైంది. పేరులో మొదటి ముక్క మనిషిది, చివరి ముక్క వంశానిది అని దాని విశ్వాసం. మనమేమో ఇంటిపేరు ముందు పెట్టి, దాన్నీ ఒక పొడి అక్షరానికి కుదించి దాచుకుంటాం. ఫలితంగా మర్యాదస్తులైన రిటైర్డ్ చీఫ్ ఇంజనీర్లకు "హాయ్ ఎం!", "హాయ్ టి!" అని సందేశాలు వెళ్ళాయి. ఇంటిపేరు పూర్తిగా రాసుకున్నవారి గతి ఇంకా ఘోరం; ఒక వంశాన్నంతా ఏకవచనంలో పలకరించినట్టయింది. నాకు వచ్చింది "హాయ్ కె!" ఆత్మీయతకు ఇంతకన్నా పొదుపైన రూపం నేను చూడలేదు.

మూడు నెలలకు లెక్క తేలింది. గరాటులో నలభై ఒక్క లీడులు పడ్డాయి. అందులో ఇరవై మూడుగురు లీడ్ జనరేషన్ నిపుణులే. వాళ్ళు మావాడిని తమ లీడు అనుకున్నారు, మావాడు వాళ్ళను తన లీడనుకున్నాడు. ఇరుపక్షాల నివేదికల్లోనూ విజయమే నమోదైంది. ఆరుగురు వెబ్‌సైటు కట్టిస్తామన్నారు, నలుగురు బీమా చేయిస్తామన్నారు, ఐదుగురు ఇంజనీరింగ్ పిల్లలు ఉద్యోగం అడిగారు. కోయంబత్తూరు మోటార్ల తయారీదారు ప్రతినిధి ఒకరు మావాడికే మోటార్లు అమ్మజూపారు. మరొకరు చిన్ననాటి స్నేహితుడు, అప్పు అడిగాడు. సంతలో అందరూ తట్టలు దించుకుని కూర్చున్నారు, సంచీ పట్టుకుని వచ్చినవాడు లేడు. దీన్నే సంపూర్ణ మార్కెట్ అంటారేమో, ఆర్థికవేత్తలు చెప్పాలి.

నలభై ఒకటో లీడు మాత్రం నిజమైనది. టెక్సాస్‌లో ఉంటున్న ఒక ఖమ్మం జిల్లా కుర్రాడు నాన్నగారి పొలానికి సబ్‌మెర్సిబుల్ మోటారు కావాలన్నాడు. నిపుణుడు పండగ చేసుకున్నాడు. వీడియో కాల్, పదహారు పేజీల ప్రతిపాదన, అన్నీ అయ్యాయి. ఆ పెద్దాయన అవేవీ చూడలేదు. ఊళ్ళో తెలిసిన మెకానిక్‌ను వెంటబెట్టుకుని నేరుగా రాణిగంజ్ వచ్చి, మా మామగారి కొట్లోనే మోటారు కొని, కేసింగ్ పైపుల మీద ఇంకో రెండు వందలు తగ్గించుకుని, మెకానిక్ కమీషన్ మెకానిక్‌కు ఇప్పించి వెళ్ళారు. కొట్టు ఎలా తెలుసని కుర్రాడు అడిగితే, ఇంట్లో గోడమీద క్యాలెండరు ఉంది కదా అన్నారట.

క్యాలెండరు మా మామగారి కాలం నాటి అనాగరిక పద్ధతి. వేంకటేశ్వరస్వామి బొమ్మ, కింద తిథులు, వర్జ్యాలు, అడుగున కొట్టు పేరు, ఫోను నంబరు. ఏటా జనవరిలో మెకానిక్‌లకూ బోర్లు వేసేవాళ్ళకూ చుట్టలు చుట్టి పంచేవారు. ఏ మెకానిక్ కూతురికి పెళ్ళి కుదిరిందో, ఎవరి ఊళ్ళో నీళ్ళు నాలుగు వందల అడుగులకు దిగాయో ఎర్ర అట్ట పుస్తకంలో రాసుకునేవారు. మార్కులు వేసేవాడు లేడు పాపం, ఎన్ని వచ్చేవో తెలియకుండానే పోయారు. నిపుణుడు ఆ అమ్మకాన్ని తన ఖాతాలో వేసుకుని, "ఒక్క సందేశంతో ఖండాంతర ఒప్పందం" అని పోస్టు పెట్టాడు. మావాడే మొదట చలించిపోయాడు.

సంక్రాంతికి అందరూ మా ఇంటికి వచ్చారు. భోజనాలయ్యాక నేను నడుం వాల్చాను. ఫోను మోగింది. "హాయ్ కె! మీ పంట పొలానికి నీరు సరిగ్గా అందుతోందా? ఇది నా మూడో సందేశం." నేను మూడో అంతస్తులో ఉంటాను. నాకున్న సాగుభూమి బాల్కనీలో రెండు తులసి కుండీలు. సందేశం పంపినాయన పక్క గదిలో బొబ్బట్టు మీద నెయ్యి వేయించుకుంటున్నాడు. పండగపూట మనిషి మనసు కష్టపెట్టడం ఎందుకని, "ఆసక్తి ఉంది, వివరాలు పంపండి" అని టైపు చేసి నొక్కాను.

పక్క గదిలో కంచం చప్పుడు ఆగింది. తర్వాత ఒక కేక.

"అక్కా! బావగారిని లేపు! వేడి లీడు తగిలింది!"